ఎండ మనకీ ఉంది, ఆ లోయ లేదు

చెట్టూ చేమా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. మాది విజయవాడ, పటమట. మా అబ్బాయి అమెరికాలో ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న పిల్లల్ని తీసుకుని సెడోనా అనే ఊరు వెళ్లి, అక్కడి ఎర్ర కొండల మధ్య లోయలో ఒక చెట్టు ఫొటో తీసి పంపాడు. ఆకు బూడిద రాసినట్టు నీలంగా ఉంది. కాండం ఎర్రగా, పొర ఊడిన జామకొమ్మలా నున్నగా ఉంది. 'అరిజోనా సైప్రస్ అంటారమ్మా, ఎడారి చెట్టు, నీళ్లు అక్కర్లేదు' అన్నాడు. గొల్లపూడిలో మాకు రెండు వందల గజాల స్థలం ఉంది. డిసెంబరులో మేం ఫీనిక్స్ వెళ్తున్నాం. వచ్చేటప్పుడు నాలుగు కాయలు పెట్టెలో వేసుకొచ్చి ఆ స్థలంలో నాటాలని నా కోరిక. మా వారు వద్దంటున్నారు. బెజవాడ ఎండ కన్నా అక్కడి ఎండ ఎక్కువే కదా, అక్కడ బతికిన చెట్టు ఇక్కడ ఎందుకు బతకదు? ఇంకో మాట, మా అబ్బాయికి సెలవు తక్కువ. ఆ చెట్టును దగ్గరగా చూడాలంటే ఎక్కడికి తీసుకెళ్లమని చెప్పాలి?
- ఒక పాఠకురాలు, పటమట

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ఆ బెరడు మళ్లీ నా చేతికి తగిలినట్టయింది. 2017 మార్చిలో మా అమ్మాయి నన్ను సెడోనా పక్కనే ఉన్న ఓక్ క్రీక్ లోయకు తీసుకెళ్లింది. ముప్పై రెండేళ్లు గుంటూరులో ఆడపిల్లలకు బోటనీ చెప్పాను. సైప్రస్ కొమ్మనూ దాని గుండ్రటి కాయనూ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అడవిలో తనంతట తాను మొలిచిన సైప్రస్‌ని చూడటం మాత్రం అదే మొదలు. మీ జామకొమ్మ పోలిక సరిగ్గా కుదిరింది. పాత పొర కాగితంలా రేకులు రేకులుగా ఊడుతుంది. లోపలి నుంచి నేరేడుపండు రసం అంటినట్టున్న కొత్త చర్మం బయటపడుతుంది. ఆకులు విడివిడిగా కనిపించవు. చిన్న పొలుసులు కొమ్మను అంటిపెట్టుకుని ఉంటాయి. చాలా పొలుసుల మీద సూదిమొనంత తెల్లటి జిగురు చుక్క ఉంటుంది. దూరం నుంచి చూస్తే చెట్టు ఒళ్లంతా విభూతి పూసుకున్నట్టే ఉంటుంది.

దీనికి కుప్రెసస్ అరిజోనికా అని 1882లో పేరు పెట్టింది ఎడ్వర్డ్ లీ గ్రీన్ అనే శాస్త్రవేత్త. మీ అబ్బాయి చూసింది అందులో నున్నటి బెరడు రకం. 1910లో జార్జ్ సడ్‌వర్త్ దాన్ని విడదీసి గ్లాబ్రా అన్నాడు, అంటే నున్ననిది అని. అరిజోనా మధ్య భాగంలో ఈ నున్నటిది ఉంటుంది. ఆగ్నేయ మూలన చిరికావా కొండల్లో గరుకు బెరడుది ఉంటుంది. రెండూ ఒకటేనా, వేరువేరా అన్న వాదన ఇంకా తెగలేదు. పైగా 2009లో అమెరికా ఖండపు సైప్రస్‌లకు హెస్పెరోసైపరిస్ అనే కొత్త ప్రజాతి పేరు వచ్చింది. మీ మనవలు ఫోన్‌లో వెతికితే రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దని చెప్పండి.

ఇక కాయల సంగతి. మీ వారి మాటే వినండి, తేవద్దు. విదేశాల నుంచి విత్తనం, కాయ, కొమ్మ ఏది తేవాలన్నా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి ఉండాలి. మొక్కకు తెగుళ్లు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇది కాగితాల గొడవే కదా అనుకోకండి. సైప్రస్ చెట్ల బెరడును ఎండబెట్టి చంపే సెయిరీడియం అనే బూజు తెగులు ఒకటుంది. మన హిమాలయాల్లో మన సొంత సైప్రస్‌లు ఉన్నాయి. మనం ముచ్చటపడి తెచ్చే నాలుగు కాయలతో ఏ తెగులు వస్తుందో మన కంటికి కనపడదు.

చట్టం ఒప్పుకున్నా నేను వద్దనే చెబుతాను. 'ఎడారి చెట్టు' అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఫీనిక్స్ ఊరు 330 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి మైదానంలో ఈ సైప్రస్ తనంతట తాను మొలవదు. అక్కడ ఉండేవి నిలువెత్తు సగ్వారో జెముడు చెట్లు. మేం కారులో ఉత్తరంగా రెండు గంటలు పోయాం. దారిలో ఒకచోట సగ్వారోలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తర్వాత సైప్రస్‌కు చుట్టాలైన పొట్టి పొట్టి జునిపర్‌లు మొదలయ్యాయి. సెడోనా చేరేసరికి వెయ్యి మీటర్లు పైకెక్కేశాం. సైప్రస్ సుమారుగా వెయ్యి నుంచి రెండు వేల మీటర్ల ఎత్తు మధ్య ఉంటుంది. అక్కడ కూడా కొండ నడినెత్తిన కాకుండా లోయ అడుగున, వాగు పక్కన, ఉత్తరం వైపు తిరిగిన వాలు మీద ఎక్కువగా పెరుగుతుంది.

లోయ అంటే ఏమిటో ఆ రోజు నిలబడితే గానీ నాకు అర్థం కాలేదు. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన సంగతే అయినా! పైన రోడ్డు మీద ఎండ చురచురలాడుతోంది. లోపలికి యాభై అడుగులు దిగితే ఒంటికి శాలువా కావాల్సి వచ్చింది. రెండు వైపులా ఎర్రరాతి గోడలు. పొద్దు ఆలస్యంగా లోపలికి వస్తుంది, తొందరగా వెళ్లిపోతుంది. రాత్రి కొండ మీది చల్లగాలి బరువుగా కిందికి జారి లోయలో నిలుస్తుంది. చలికాలంలో కురిసిన మంచు నీడలో మెల్లగా కరిగి, రాతి పగుళ్లలోకి ఇంకుతుంది. వేర్లు ఆ పగుళ్లు పట్టుకునే పోతాయి. ఎడారిలో ఉంటూ ఎడారికి చాటుగా బతికే చెట్టు ఇది. మంచుయుగంలో ఆ ప్రాంతమంతా ఇప్పటికంటే చల్లగా, తడిగా ఉండేది. జునిపర్లు, పిన్యాన్ అనే గింజల పైన్లు అప్పట్లో కిందనున్న నేటి ఎడారిలోనూ పెరిగాయి. ఆ సంగతి ఎలా తెలిసిందో తెలుసా? ప్యాక్‌రాట్ అనే ఎలుక తన గూట్లోకి చుట్టుపక్కల ఆకూ కొమ్మా లాక్కొచ్చి పోగేస్తుంది. దాని మూత్రం గట్టిపడి, రాతి గుహలో ఆ పోగు వేల ఏళ్లు చెడకుండా నిలిచింది. శాస్త్రవేత్తలు ఆ పోగులు విప్పి ఆకులు గుర్తుపట్టారు. నేల వేడెక్కినకొద్దీ కోనిఫర్లు, అంటే సైప్రస్, పైన్ లాంటి శంకువులు కాసే చెట్లు, కొండల మీదికీ లోయల్లోకీ తప్పుకున్నాయి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన ఎండ గురించి ఎవరూ మనకు చెప్పక్కర్లేదు, పక్కనే రెంటచింతల ఉంది. కానీ సెడోనాలో జులై పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి ఇరవై దగ్గరికి దిగుతుంది. జనవరి రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయి. మనకు మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. గాలిలో ఉక్క. చెట్టు పగలు చేసుకున్న ఆహారాన్ని రాత్రి శ్వాసకు ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. 2023లో నేను మళ్లీ మా అమ్మాయి దగ్గరే ఉన్నాను. ఆ ఏడు ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జులై 30 దాకా 31 రోజులు వరసగా 43 డిగ్రీలు దాటింది. రాత్రులు చల్లబడలేదు. ఎండకే పుట్టిన సగ్వారోలు కూడా చేతులు విరిగి, కొన్ని మొదలంటా కూలాయి. వాటికే రాత్రి చల్లదనం అంత అవసరమైతే, లోయ చాటున పెరిగిన సైప్రస్ గొల్లపూడి వేసవి రాత్రిని ఎలా మోస్తుంది?

ఆపైన వాన. సెడోనాలో ఏడాదికి 450 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ పడుతుంది. మన దగ్గర దానికి రెట్టింపు, అదీ చాలావరకు నాలుగైదు నెలల్లోనే. నల్లరేగడి నేలలో ఆ నీళ్లు వారాల తరబడి దిగవు. రాతి పగుళ్లకు అలవాటైన వేరుకు ఊపిరి ఆడదు. వేరుకుళ్లు పట్టుకుంటుంది. ఎండ కన్నా నాకు ఆగస్టు అంటేనే ఎక్కువ భయం.

'మరి సర్కారు తుమ్మ రాలేదా, అదీ ఆ ఖండం నుంచి వచ్చిందే కదా' అని మీకు అనిపించవచ్చు. వచ్చింది. అమరావతి రోడ్డు పక్కన, కాలవ గట్ల మీద, చవుడు భూముల్లో ఎక్కడ చూసినా అదే. అది పల్లపు మైదానాల చెట్టు. చలి అడగదు, ఉప్పు నీటిని ఓర్చుకుంటుంది, వేరు ఎంత లోతుకైనా దింపుతుంది. మేకలు కాయలు తిని విత్తనాలను ఊరంతా చల్లుతాయి. పరాయి చెట్టు మనకు సరిపోకపోతే చస్తుంది, మరీ సరిపోతే మన చెట్లను చంపుతుంది. గొల్లపూడి స్థలంలో ఈ రెండూ నాకు ఇష్టం లేదు.

మీకు నచ్చింది పొరలూడే నున్నటి బెరడు. అలాంటి బెరడూ, జిగురు వాసనా మన కొండల్లోనే ఉన్నాయి. తపసి చెట్టును చూశారా? వేసవిలో ఆకంతా రాల్చి, తెల్లటి కాండంతో వెన్నెట్లో వెలిగిపోతూ ఉంటుంది. బెరడు పలచటి పొరలుగా లేస్తుంది. తపసి బంక దాని నుంచే వస్తుంది. అందుగు చెట్టు బెరడూ కాగితంలా ఊడుతుంది, గాటు పెడితే సాంబ్రాణి వాసన. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కూడా ఇలాంటి రాతి కొండల చెట్టే. మీ స్థలానికి అరగంట దూరంలోనే దాని అడవి ఉంది. పొణికి కర్ర దొరకడం కష్టమవుతోందని బొమ్మల కళాకారులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. అటవీ శాఖ నర్సరీలో అడిగి ఒక్క పొణికి మొక్క తెచ్చి, మట్టి కొంచెం ఎత్తుగా పోసి, ఎర్రమట్టీ రాళ్లూ కలిపి నాటండి. తొలి రెండు వేసవులు నీళ్లు పోస్తే చాలు. మీ ఉత్తరంలో ఇంకో ప్రశ్న మిగిలింది. అది నాకు ఇష్టమైన ప్రశ్న, చివర్లో చెబుతాను.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతున్నాను. కొన్ని కోనిఫర్ల కాయలు అడవి తగలబడితేనే తెరుచుకుంటాయని ఎక్కడో చదివాను. నిప్పులో చెట్టే చచ్చిపోతే విత్తనం ఎలా బతుకుతుంది? ఇది నిజమేనా?
- ఒక విద్యార్థిని, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: నిజమే తల్లీ. పైన చెప్పిన సైప్రస్సే దీనికి మంచి ఉదాహరణ. దాని కాయ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. ఆరో ఎనిమిదో గట్టి పలకలు ఫుట్‌బాల్ ముక్కల్లా అంచులు కలుపుకుని మూసుకుని ఉంటాయి. పుప్పొడి పడ్డాక పండటానికి రెండో ఏడు రావాలి. పండినా వెంటనే తెరుచుకోదు. కొమ్మ మీదే బూడిద రంగుకు తిరిగి, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఓక్ క్రీక్‌లో ఒకే కొమ్మ మీద మూడు నాలుగు కాన్పుల కాయలు వరసగా చూశాను. కొసన పచ్చివి, వెనక గోధుమరంగువి, ఇంకా వెనక నాచు పట్టినవి.

సైప్రస్ బెరడు పలచన. గట్టి మంట వస్తే చెట్టు బతకదు, మొదలు నుంచి మళ్లీ చిగురించదు కూడా. మంట కొమ్మల మీదుగా త్వరగా దాటిపోతుంది. మందమైన పలకల లోపల విత్తనానికి ఆ కాసేపటి వేడి పెద్దగా తగలదు. పలకల సందుల్లోని జిగురు కరిగి, కాయ ఎండి, మెల్లగా విచ్చుకుంటుంది. చెట్టు నుంచి నీరు అందడం ఆగిపోయినా కాయ ఎండి తెరుచుకుంటుంది. అందుకే కరువుకు చచ్చిన చెట్టు కింద కూడా మొలకలు వస్తాయి. ఇక ఒక్కో కాయలో పదుల కొద్దీ ఉన్న విత్తనాలు బూడిద మీద రాలతాయి. అంతకుముందు అక్కడ ఆకుల మెత్త, నీడ. ఇప్పుడు ఖాళీ నేల, నిండుగా వెలుతురు. సైప్రస్ మొలకకు కావలసింది అదే.

పరీక్షలో దీనికి సెరోటినీ అని రాస్తే మార్కు వస్తుంది. అక్కడితో ఆగకు. ఈ ఏర్పాటుకు గడువు ఉంది. కొత్త మొలకలు పెరిగి, కాయలు కాసి, పండించుకునేదాకా మళ్లీ నిప్పు రాకూడదు. ఆ లోపే రెండో మంట వస్తే కాలేది పిల్ల చెట్లు, వాటి మీద కాయలుండవు. ఆ తోపు అంతటితో పోతుంది. 2011లో చిరికావా కొండల్లో హార్స్‌షూ టూ అనే పెద్ద మంట రెండు లక్షల ఎకరాలకు పైగా కాల్చింది. 2014 మే నెలలో ఓక్ క్రీక్ లోయలో స్లైడ్ ఫైర్ సుమారు 21 వేల ఎకరాలు కాల్చింది. నేను వెళ్లేసరికి దాదాపు మూడేళ్లు గడిచినా, లోయ పైభాగాన పాండెరోసా పైన్ మోడులు నల్లగా నిలబడే ఉన్నాయి. వేడి, కరువు పెరిగి మంటలు దగ్గర దగ్గరగా వస్తే, నిప్పుకే సిద్ధపడిన చెట్టుకూ సమయం చాలదు. ఆ రోజు కారులో మా అమ్మాయితో ఈ మాటే అన్నాను. ఇప్పటికీ నా మనసులో బరువుగా ఉంది.

ప్రశ్న: సూర్యలంక బీచ్ దగ్గరి సరుగుడు తోటలు కోనిఫర్లే కదా? సూదుల్లాంటి ఆకులు, చిన్న కాయలు ఉన్నాయి. మా ఇంట్లో పందెం నడుస్తోంది.
- ఒక పాఠకుడు, అరండల్‌పేట

జవాబు: కావు. కోనిఫర్ అన్నవారు ఓడిపోయారు. మీరు సూది అనుకుంటున్నది ఆకు కాదు, కొమ్మ. ఒకటి తీసుకుని మెల్లగా లాగండి, కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. కణుపు చుట్టూ భూతద్దంతో చూస్తే చిన్న పళ్లలా కనిపిస్తాయి, అవే ఆకులు. సరుగుడు పూలు పూసే చెట్టు. మన రాష్ట్రంలో కోనిఫర్ ఏదీ సహజంగా పెరగదు. దక్షిణ భారతం మొత్తానికి సొంత కోనిఫర్ ఒక్కటే, పడమటి కనుమల తడి అడవుల్లోని నాగేయా వాలిచియానా. మనకు దూరపు చుట్టం కావాలంటే శేషాచలం కొండల్లో సైకస్ బెడ్డోమీ ఉంది. అది కోనిఫర్ కాదు గానీ, విత్తనాన్ని పండులో దాచుకోని వివృతబీజాల కుటుంబమే. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల్లోనే.

ప్రశ్న: జూన్‌లో ఒక నర్సరీలో 'బ్లూ సైప్రస్' అని ఆరు వందలు పెట్టి కుండీ మొక్క కొన్నాను. రోజూ నీళ్లు పొయ్యమన్నారు. ఇప్పుడు లోపలి ఆకు గోధుమరంగుకు వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. కాపాడుకోవడం ఎలా?
- ఒక పాఠకురాలు, విద్యానగర్, గుంటూరు

జవాబు: ముందు ఏది ఎండుతోందో చూడండి. కాండానికి దగ్గరగా, నీడలో ఉన్న పాత ఆకు మాత్రమే ఎండి, కొసలు నీలంగా ఉంటే భయం లేదు. వెలుతురు అందని పాత పొలుసుల్ని మొక్క వదిలేస్తుంది. కొసలు వాడి, కింది కొమ్మలు వరసగా ఎండుతూ, మట్టి నుంచి మురుగు వాసన వస్తుంటే వేరు కుళ్లుతోందన్నమాట.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. 2011లో బ్రాడీపేట మేడ మీద నేనూ ఇలాంటి మొక్క పెట్టాను. అమ్మినవారు రోజూ నీళ్లు పొయ్యమన్నారు. నేనూ బోటనీ మాస్టారమ్మనే అయి ఉండి, వాళ్ల మాట విని పోశాను. జులై ముసురు పట్టింది, అయినా పోశాను. నలభై రోజులకు మొక్క తుప్పురంగుకు వచ్చింది. కుండీ బోర్లిస్తే, వేళ్లు కుళ్లిన అల్లంలా చేతిలో ఊడాయి. అడుగు రంధ్రం పెద్ద బంకమట్టి ముద్దతో మూసుకుపోయి ఉంది. ఆ మొక్క చావు నా చేతి మీదుగా జరిగిందని చాలా రోజులు బాధపడ్డాను.

మీది ఇంకా సమయం దాటి ఉండకపోవచ్చు. ఇవాళే మొక్కను కుండీ నుంచి దింపండి. నల్లగా మెత్తబడిన వేళ్లు కత్తిరించేయండి. ప్లాస్టిక్ కుండీ మాని మట్టి కుండీ తీసుకోండి. అడుగున రంధ్రం వేలు పట్టేంత ఉండాలి. ఎర్రమట్టి సగం, మిగతా సగం గరుకు ఇసుక, ఇటుక ముక్కలు. నల్లమట్టి చెంచా కూడా వద్దు, పేడ ఎరువు ఇప్పుడు వద్దు. వేలు రెండు కణుపులు మట్టిలోకి దింపితే తడి తగలకపోతేనే నీళ్లు. సాయంత్రం ఆకు మీద చల్లకండి. తూర్పు ఎండ, గాలి ఆడే చోటు, వానలో చూరు కింద. ఎండిన కొమ్మను తీసేయాలంటే పచ్చదనం ఉన్నంత వరకే కత్తిరించండి. సైప్రస్ జాతి మొక్కలు ముదురు కట్టె నుంచి మళ్లీ చిగురు వేయవు. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో తూజాలు, జునిపర్లు కూడా ఉంటాయి. ఏదైనా సంరక్షణ ఇదే. ఇన్ని చేసినా మన వేసవిలో అది కష్టపడుతూనే ఉంటుందని ముందే తెలుసుకోండి. పోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, రెండోది మాత్రం కొనకండి.

ప్రశ్న: మేడమ్, చిల్గోజా పైన్ గింజల ధర చూస్తే గుండె ఆగుతోంది. అమెరికా ఎడారి కొండల్లోనూ ఇలాంటి గింజల పైన్ ఉందని మా కోడలు చెప్పింది. అదీ ఇదీ ఒకటేనా? ఇంత ఖరీదు ఎందుకు?
- ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: ఒకటి కావు, దాయాదులు. మన చిల్గోజా పైనస్ జెరార్డియానా. హిమాచల్‌లో కిన్నౌర్ వైపు, సట్లెజ్ నది కోసిన పొడి లోయల్లో పెరుగుతుంది. వానమబ్బు అక్కడిదాకా పెద్దగా చేరదు, మంచే దానికి నీరు. మీ కోడలు చెప్పింది పిన్యాన్ పైన్, పైనస్ ఎడ్యూలిస్. న్యూ మెక్సికో రాష్ట్ర వృక్షం అదే. నవాహో, హోపీ, ప్యూబ్లో అనే అక్కడి ఆదివాసీ ప్రజలు తరతరాలుగా ఆ గింజలు ఏరుకుని తిన్నారు.

ఖరీదు ఎందుకంటారా, ఈ చెట్లు తొందరపడవు. పూత నుంచి గింజ చేతికి రావడానికి ఏడాదికి పైనే పడుతుంది. ఏటా కాపు ఉండదు. పిన్యాన్ అయితే కొన్నేళ్లకోసారి ఒళ్లు విరగకాస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. గింజకు రెక్క లేదు, గాలికి ఎగరదు. పిన్యాన్ జే అనే నీలి పక్షి వాటిని మోసుకెళ్లి నేలలో దాస్తుంది. అది మర్చిపోయిన గింజే మొక్క అవుతుంది. కిన్నౌర్‌లో మనుషులు చెట్టెక్కి కాయ కోస్తారు, ఎండబెట్టి గింజ తీస్తారు. ఆ శ్రమంతా మీరిచ్చే ధరలో ఉంది. బేరం ఆడొచ్చు, మరీ తగ్గిస్తే అనుమానించండి.

పిన్యాన్ గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 2002, 2003లో అక్కడ పెద్ద కరువు వచ్చింది. పిన్యాన్లు కొండలకు కొండలు ఎర్రబడి చచ్చాయి. వాటి పక్కనే ఉన్న జునిపర్లు చాలావరకు నిలిచాయి. పిన్యాన్ నీరు తగ్గగానే ఆకు రంధ్రాలు మూసేసి కూర్చుంటుంది. నీరు మిగులుతుంది గానీ ఆహారం తయారు కాదు. నీరసించిన చెట్టుకు కాండం తొలిచే పురుగును తరిమే జిగురు చాలదు. నేల ఇంకా ఎండినా జునిపర్ ఆ రంధ్రాలు తెరిచే ఉంచి కొద్దికొద్దిగా పని చేసుకుంటుంది. మరీ తప్పకపోతే ఒక కొమ్మకు నీరు ఆపేసి, దాన్ని ఎండబెట్టి, మిగతా చెట్టును బతికించుకుంటుంది. సగం మోడు, సగం పచ్చగా ఉన్న ముసలి జునిపర్ పక్కన కూర్చుని నేను టిఫిన్ డబ్బా విప్పాను. చాలాసేపు తినబుద్ధి కాలేదు, దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఇక పటమట అమ్మగారి మిగిలిన ప్రశ్న. ఒక్కరోజే సెలవు అయితే ఓక్ క్రీక్ లోయకే తీసుకెళ్లమనండి. సెడోనా నుంచి 89ఏ రోడ్డు వాగు వెంబడే పోతుంది. కింద సెడోనా వైపు సైప్రస్‌లు కనిపిస్తాయి. పైకి పోయినకొద్దీ పాండెరోసా పైన్లు వస్తాయి. ఆ మార్పు చూడటానికైనా కారు నెమ్మదిగా నడపమనండి. రెండు రోజులుంటే చిరికావా నేషనల్ మాన్యుమెంట్‌కు వెళ్లండి, ఫీనిక్స్ నుంచి నాలుగు గంటలు పడుతుంది. 1924లో దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. అక్కడ బోనిటా లోయలో గరుకు బెరడు రకం పెద్ద చెట్లుంటాయి. రెండూ చూస్తే శాస్త్రవేత్తల వాదన ఎందుకు తెగలేదో మీకే అర్థమవుతుంది.

డిసెంబరులో అక్కడ మంచు పడవచ్చు. స్వెట్టర్, పట్టు ఉండే బూట్లు తీసుకెళ్లండి, చీర మీద శాలువా చాలదు, నేను వణికాను. మీకు ఆయాసం, తుమ్ములు ఉంటే మందు దగ్గర పెట్టుకోండి. చలికాలంలోనే ఈ చెట్లు పుప్పొడి వదులుతాయి, కొందరికి అది పడదు. చెట్టు దగ్గరికి వెళ్లాక బెరడు లాగకండి, తనంతట లేచిన రేకును వేలితో తాకితే చాలు. కింద రాలిన కొమ్మ ఒకటి తీసుకుని నలిపి వాసన చూడండి. నాకు కర్పూరంలో నిమ్మతొక్క నలిపినట్టు అనిపించింది. చూశాక దాన్ని అక్కడే వదిలేయండి. మీకు ఆ వాసన ఎలా అనిపించిందో జనవరిలో నాకు ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.